రెండు డ్రమ్ముల కృష్ణ నీళ్లు

2006 ఫిబ్రవరిలో నేను గద్వాల వదిలి వనపర్తికి వచ్చి, పెబ్బేరు రోడ్డు మీదున్న ఒక బాడీ షెడ్డులో గన్ మేస్త్రీగా చేరాను. బయటివాళ్ల కంటికి షెడ్డులో అందరూ పెయింటర్లే. లోపల మాత్రం తాలూకాఫీసులో ఉన్నంత హోదా పట్టింపు ఉంటుంది. సొట్టలు తీసేవాడు డెంటర్. నీళ్ల కాగితం, అంటే తడిపి వాడే గరుకు కాగితం, పట్టి పాత రంగును రుద్దేవాడు రుద్దుడు మనిషి. గుంతలకు లప్పం పెట్టేవాడు లప్పం మేస్త్రీ. వీళ్లందరి మీద గన్ మేస్త్రీ, అంటే కంప్రెసర్ గాలితో రంగు చల్లే గన్ను పట్టేవాడు. ఆ గన్ను చేతికి రావడానికి నాకు పదమూడేళ్లు పట్టింది. వచ్చాక అది కాస్త తలకెక్కింది కూడా. ఆ మాట ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం సులువు.

ఆ షెడ్డులో నాకు బాగా నచ్చిన రివాజు ఒకటుండేది. మా బోరు నీళ్లు ఉప్పన. బకెట్టు ఎండిపోతే అడుగున తెల్లటి పొర మిగిలేది. రుద్దుడంతా నీళ్లతోనే సాగాలి కాబట్టి ఆ నీళ్లు వాడక తప్పదు. కాని రంగు చల్లే ముందు చేసే ఆఖరి కడుగుడు మాత్రం తీపి నీళ్లతోనే చేయాలి. అడుగు పూతగా వేసే ప్రైమర్ మీద ఉప్పు కంటికి కనపడకుండా మిగిలిపోతే, పైన ఎంత ఖరీదైన రంగు వేసినా వానాకాలంలో ఆ ఉప్పు తేమను లోపలికి లాగి బుడగలు లేపుతుంది. నల్లా నీళ్లేమో తాగడానికే సరిపోయేవి కావు. అందుకని షెడ్డు సేటు ఒక పద్ధతి పెట్టాడు. రంగు పూర్తయిన బండిని మా దిక్కు చాలామంది మొదట కృష్ణ ఒడ్డున ఉన్న బీచుపల్లి ఆంజనేయస్వామి దగ్గరికి పూజకు తీసుకుపోతారు. అట్లా పోయినవాళ్లు తిరిగి వచ్చేటప్పుడు డిక్కీలో పట్టే రెండు ప్లాస్టిక్ డ్రమ్ముల నిండా కృష్ణ నీళ్లు తెచ్చి షెడ్డులో దింపాలి. ఆ నీళ్లు తరువాత వచ్చే బండికి. ఎవరి నీళ్లు వాళ్లు తెచ్చుకోవడం కాదు, ముందువాడు వెనకవాడికి తేవడం. రెండు డ్రమ్ములు ఒక కారుకు సరిగ్గా సరిపోయేవి.

ఏప్రిల్ నెలలో కోడేరు నుంచి ఖాజా భాయ్ వచ్చాడు. నా ఈడువాడే. చేతులు మారి వచ్చిన ఒక తెల్ల అంబాసిడర్‌ను కిరాయికి నడిపేవాడు. పెళ్లిళ్లకు, దవాఖానలకు, ఎవరు పిలిస్తే వాళ్లకు. నాగర్‌కర్నూల్‌లో కాలువ పనులు చూసే ఒక ఇంజనీర్ల ఆఫీసు ఏడాది ఒప్పందం మీద కార్లు మాట్లాడుతోందని ఆయనకు తెలిసింది. బండి తెల్లగా ఉండాలి, బాడీ శుభ్రంగా ఉండాలి, జూన్ మొదటి వారంలో తెచ్చి చూపించాలి. ఆయన బండి తెలుపన్నది కాగితాల్లోనే మిగిలింది. బానెట్ మీద రంగు సుద్దలా రాలుతోంది, తలుపుల అడుగున తుప్పు.

"దొరికిన్నాడు కిరాయి, దొరకన్నాడు పస్తు. గీ ఒక్క కాంట్రాక్టు అయితే జర నిమ్మళంగ బతుకుత మేస్త్రీ," అన్నాడు. నేను ఖర్చు చెప్పాను. ఆయన కాసేపు బండి చుట్టూ తిరిగి వచ్చి, "పైసలు సగమే ఉన్నయి. చేతులు మాత్రం రెండున్నయి. ఏం పని చెప్పినా చేస్త," అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. తక్కువ ఖర్చులో మంచి రంగు కావాలంటే ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ తగ్గించకూడదో తెలియాలి. మామూలుగా జనం తలకిందులుగా చేస్తారు. చవక ప్రైమర్ కొని, రంగు డబ్బా మీద ఖర్చు పెడతారు. నేను ఖాజా భాయ్‌కి చెప్పింది ఇది. రంగు మార్చొద్దు, తెలుపు మీద తెలుపే వేద్దాం, అప్పుడు తలుపుల లోపల, డిక్కీ లోపల ముట్టుకునే పని ఉండదు. పాత రంగు గట్టిగా పట్టుకున్న చోట ఇనుము దాకా గీకొద్దు, అంచులు సాపు చేస్తే చాలు. తుప్పున్న చోట మాత్రం మొహమాటం లేకుండా ఇనుము దాకా పోవాలి. లప్పం దోశ పిండిలా పోయొద్దు, గోరు మందం దాటొద్దు. ప్రైమర్, అది గట్టిపడడానికి కలిపే హార్డెనర్ మంచివే కొందాం. కూలి ఎక్కువయ్యేది విప్పడానికి, రుద్దడానికి. ఆ రెండూ నువ్వే చెయ్యి.

ఆయన పన్నెండు రోజులు చేశాడు. బంపర్లు, లైట్లు, పిడులు, రబ్బరు బీడింగులు తనే విప్పి, ఏ స్క్రూ ఎక్కడిదో పాత సిగరెట్ పెట్టెల్లో వేసి దారం చుట్టి పెట్టుకున్నాడు. అరచేతికి మెత్తటి గుడ్డ చుట్టుకుని, కళ్లు మూసుకుని తడిమితే ఎత్తుపల్లాలు తెలుస్తాయని నేర్పాను. నేర్పిన మరునాటికి నాకే ఒక ఎగుడుదిగుడు చూపించాడు. వేళ్ల కొసల తోలు పోయి ఎర్రగా అయితే, "పెండ్లి గోరింట," అని నవ్వాడు. మా రుద్దుడు మనుషులకంటే బాగా రుద్దాడు. ఇది ఇప్పుడు రాస్తుంటే తోచిన మాట కాదు, అప్పుడే నాకు తెలుసు.

ఆఖరి కడుగుడు రోజు శుక్రవారం. ఖాజా భాయ్ నమాజుకు పోయాడు, సేటు కర్నూలు పోయాడు. రెండు డ్రమ్ముల కృష్ణ నీళ్లు మూలన సిద్ధంగా ఉన్నాయి. అంతలో పెబ్బేరు కాంట్రాక్టరు ఒకాయన ముదురు నీలం కొత్త కారు తెచ్చి నిలిపాడు. ఒక పక్కంతా గీసుకుపోయింది. మరునాడు హైదరాబాద్ పోవాలట, సాయంత్రానికి కావాలట. నీలం మీద చిన్న మచ్చ పడినా ఊరంతటికీ కనిపిస్తుంది. తెలుపు అన్నిటినీ కడుపులో దాచుకుంటుంది అనుకున్నాను. పైగా కాంట్రాక్టరు పదిమందికి చెప్పగలిగినవాడు. డ్రైవరును బీచుపల్లికి పంపి నీళ్లు తెప్పిస్తానని మాట ఇచ్చాడు. దుమ్ము లేకుండా కారంతా కడగాలని రెండు డ్రమ్ములూ ఆ కారుకే పోశాను. ఖాజా భాయ్ బండిని బోరు నీళ్లతో రెండు సార్లు కడిగించి, పొడి గుడ్డతో తుడిపించాను. కాంట్రాక్టరు నీళ్లు రాలేదు. వస్తాయని నేనూ గట్టిగా నమ్మినట్టు లేదు, ఎందుకంటే ఖాజా భాయ్ బండిని మరునాటి దాకా ఆపొచ్చు, ఆపలేదు.

నమాజు నుంచి వచ్చి ఆయన తడి బండిని, ఖాళీ డ్రమ్ములను చూశాడు. "కడుగుడు అయిపాయెనా మేస్త్రీ?" అన్నాడు. "అయింది భాయ్," అన్నాను. ఏ నీళ్లతో అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

రంగు అద్భుతంగా కుదిరింది. నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణచి, మూడు పూతలు వేశాను. పాలిష్ అయ్యాక బానెట్‌లో షెడ్డు పైకప్పు రేకులు లెక్కపెట్టుకోవచ్చు. ఖాజా భాయ్ బండి చుట్టూ తిరిగి, ఎవరూ చూడడం లేదనుకుని దాన్ని ఒకసారి మెల్లగా నిమిరాడు. తరువాత ఖాళీ డ్రమ్ములు రెండూ డిక్కీలో పెట్టుకున్నాడు. నీకు పూజ లేదు కదా, అంత దూరం ఎందుకు పోతావు అన్నాను. "పూజ మీ రివాజు. నీళ్లు షెడ్డు రివాజు. పన్నెండు దినాలు నేను గూడ షెడ్డు మనిషినే గద," అన్నాడు. సాయంత్రానికి రెండు డ్రమ్ములూ అంచుల దాకా నింపి, మూతలకు గుడ్డ బిగించి తెచ్చి మూలన పెట్టాడు. ఆ గుడ్డలు చూస్తుంటే నాకు చెప్పాలనిపించింది. చెబితే రంగు మళ్లీ ప్రైమర్ దాకా తీయాలి, సేటుకు లెక్క చెప్పాలి. ఏమీ కాకపోవచ్చులే అనుకున్నాను.

జూన్‌లో ఆయనకు ఒప్పందం కుదిరింది. మొదటి మూడు నెలలు చూసి ఏడాదికి ఖాయం చేస్తామన్నారు. ఆగస్టులో ముసురు పట్టింది. ఒక పొద్దున ఖాజా భాయ్ బండి తెచ్చి షెడ్డు ముందు ఆపి, దిగకుండా స్టీరింగు పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. బానెట్, పైకప్పు, రెండు తలుపులు, ఆవగింజలు చల్లినట్టు బుడగలు. కొన్ని పగిలి అంచులు తుప్పెక్కుతున్నాయి.

మా పనిలో దీనికి ఒక పరీక్ష ఉంది. సూదితో బుడగ గుచ్చి, వచ్చిన నీటి చుక్కను నాలుక మీద పెట్టుకోవాలి. చప్పగా ఉంటే తప్పు ఇంకెక్కడో ఉంది. ఉప్పగా ఉంటే కడుగుడులో ఉంది. ఖాజా భాయ్ పక్కన నిలబడి చూస్తుండగా గుచ్చాను, నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది.

"ఏందంటవ్ మేస్త్రీ?"

"రుద్దుడు తక్కువైంది భాయ్. లోపల రంగు పట్టలేదు."

ఇంత తేలిగ్గా అంటానని నేననుకోలేదు. ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. "నేనే ఖరాబు చేసుకున్న అయితే," అన్నాడు. వాదించి ఉంటే నాకు కోపమన్నా వచ్చేది, కోపంలో నిజం జారేదేమో. ఆయన వాదించలేదు. లేచిన బుడగలు రుద్ది పైపైన పూత వేసిచ్చాను, కూలి తీసుకోలేదు. పెద్ద మనసు చూపించినట్టు సేటు కూడా మెచ్చుకున్నాడు. పదిహేను రోజులకు బుడగలు మళ్లీ లేచాయి. మూడు నెలలు నిండిన రోజు ఆ ఆఫీసువాళ్లు, పెద్ద సార్లు ఎక్కే బండి గిట్లుంటే ఎట్ల అని వేరే కారు పెట్టుకున్నారు. ఖాజా భాయ్ అంబాసిడర్ అమ్మేసి, కొల్లాపూర్‌లో ఒకరి జీపుకు డ్రైవరుగా చేరాడని విన్నాను.

రెండేళ్ల తరువాత అమ్రాబాద్ నుంచి ఒక బడి పంతులు కారు తెచ్చాడు. ఆయన దగ్గరా డబ్బు తక్కువే. రుద్దుడు మీరే చేసుకుంటే కలిసొస్తుందన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, "వద్దు మేస్త్రీ. కోడేరు ఖాజా అని ఒక డ్రైవరు చెప్పిండు. మేస్త్రీ మంచోడే, రంగు గూడ మంచిదే, సొంతంగ రుద్దుకొని బండి నాశనం చేసుకున్న అన్నడు. మీ షెడ్డుకు నన్ను పంపిందే ఆయన," అన్నాడు. ఆ రోజు చల్లాల్సిన బండి ఒకటుంటే, గన్ను కడిగి పక్కన పెట్టాను. రేపు చల్లుదామని చెప్పి ఇంటికి వెళ్లిపోయాను.

అప్పటికైనా కోడేరు పోవాల్సింది. పోలేదు. 2009లో రంగు పొగకు పట్టిన ఆయాసం ముదిరి, గన్ను ముట్టొద్దని డాక్టరు చెప్పాక, హోదా ఎటూ పోయింది కదా అనుకున్నప్పుడు పోయాను. ఖాజా భాయ్ బస్టాపు దగ్గర కొల్లాపూర్ జీపులోకి మనుషులను ఎక్కిస్తున్నాడు. నన్ను చూసి సంతోషంగా చాయ్ చెప్పాడు. చాయ్ రాకముందే అంతా చెప్పేశాను. కాంట్రాక్టరు కారు, బోరు నీళ్లు, అన్నీ.

జీపు ఎక్కబోతున్న మనిషిని ఆయన ఆగమని సైగ చేశాడు. తరువాత, "మరి నేను తెచ్చిన నీళ్లు?" అన్నాడు.

"తరువాతి బండికి పోసినం. ఇప్పటిదాక ఒక్క బుడగ లేదు."

"మంచిది," అన్నాడు. చాయ్ వచ్చింది, ఆయన తాగలేదు. "గా దినం నాలిక మీద పెట్టుకుంటివి గద మేస్త్రీ. అప్పుడే తెలిసెనా?"

"తెలిసింది," అన్నాను.

ఆయన లేచి నా చాయ్‌కి కూడా తనే పైసలిచ్చి, జీపు ఎక్కి, నా వైపు చూడకుండానే పోయాడు. మళ్లీ కలవలేదు.

తక్కువ ఖర్చులో కారుకు రంగు వేయించుకోవాలనుకునేవాళ్లు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. ప్రైమర్ గురించి, లప్పం గురించి పైన రాసినవన్నీ చెబుతాను, అవి నిజమే. సొంత చేతులతో రుద్దుకోండని కూడా చెబుతాను. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. డబ్బు లేక పనిలో చెయ్యి పెట్టినవాడి మీదికి నింద నెట్టడం చాలా సులువు, వాడు దాన్ని నమ్ముతాడు కూడా. అందుకని ఆఖరి కడుగుడు ఏ నీళ్లతో జరుగుతోందో దగ్గరుండి చూసుకోండి. మేస్త్రీ మంచివాడని ఎవరు చెప్పి పంపినా సరే.