నేను ఒప్పు పెట్టిన తప్పు జవాబు

మొన్న మనవరాలు తన వర్క్‌బుక్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఒక చిన్న పేరా, కింద ‘ఆధారాలను బట్టి ఊహించండి’ అని ప్రశ్న, నాలుగు జవాబులు, ఒకదానికి టిక్కు. ఇదేదో తామే కనిపెట్టినట్టు వాళ్ళ స్కూలువాళ్ళు తల్లిదండ్రులను పిలిచి మరీ చెప్పారట. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే రోజూ జగిత్యాలలో బస్సెక్కి గొల్లపల్లి అవతలి పల్లెకు పంతులమ్మగా పోయిన రోజుల్లోనే, ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పకుండానే నేనీ పని చేశాను, బాగా చేశానని ఇప్పటికీ అనుకుంటాను.

మా నాలుగో తరగతి పిల్లలు పాఠం గడగడా చదివేవారు గానీ, కథలో ముసలమ్మ తడిసిన కొంగు పిండుకుంటూ ఇంట్లోకి వస్తే బయట ఏం జరుగుతోందని అడిగితే, పుస్తకంలో లేదు టీచర్ అని బిక్కమొహం వేసేవారు. రాయని మాటను రాసిన మాటల్లోంచి పట్టుకోవడం నేర్పాను. కొన్నాళ్ళకు నా చెప్పులకంటిన మట్టి చూసి ఏ దారిన వచ్చానో చెప్పేంత గట్టివాళ్ళయ్యారు. ఆ సంబరంలోనే ఒక తెలివితక్కువ పని చేశాను. ఇంట్లో ఏం జరిగిందో చెప్పకుండా మూడు గుర్తులు మాత్రం రాసుకురండి, మిగతావాళ్ళు కనిపెట్టాలి అన్నాను.

నక్సలైట్లను మేం అన్నలనే అనేవాళ్ళం. వాళ్ళు ఊళ్ళోకి వచ్చి ఏదో ఒక ఇంట్లో అన్నం తిని పోయే కాలమది. పెట్టనంటే వాళ్ళతో చిక్కు, పెట్టారని తెలిస్తే పోలీసులతో చిక్కు. ఆ పోలీసులేమో మా బడి వరండాలోనే మకాం వేసి ఉన్నారు, వాళ్ళ జమేదారు నా కిటికీ పక్కనే కుర్చీ వేసుకుని పాఠాలు వినేవాడు.

మర్నాడు కల్లు గీసే ఆయన చిన్నకూతురు లేచి గర్వంగా చదివింది. “మా అవ్వ పెద్ద గంజుల బువ్వ వండింది. ఇస్తరాకులు పెంటల బొంద పెట్టిండ్రు. మా నాయిన పొద్దుగాల తాళ్ళు ఎక్కపోలే.”

పెద్ద గిన్నెడు అన్నం, పెంటకుప్పలో పాతిన విస్తళ్ళు, రాత్రి నిద్రలేక పొద్దున తాటిచెట్లెక్కని తండ్రి. అన్నలు వచ్చి తిని పోయారని అందరికీ అర్థమైంది, నేను నేర్పిన చదువే కదా. కిటికీ అవతల జమేదారు లేచి నిలబడి, ఎవరచ్చిండ్రు బిడ్డా మీ ఇంటికి, అన్నాడు నింపాదిగా. ఆ పిల్ల నా వైపు చూసింది. నా గొప్పకు పోయి దాని తండ్రిని నేనే పోలీసులకు పట్టిస్తున్నానని తెలిసొచ్చింది.

అప్పుడు దాని పక్కనున్న పిల్ల చెయ్యెత్తింది. ఆమె ఊరి దొర మనవరాలు. వాళ్ళ పొలాల్లో అన్నలు ఎర్రజెండాలు పాతి సాగు ఆపించారు, ఇంట్లో సగం మంది కోరుట్లకు వెళ్ళిపోయారు. నిజం చెప్పడానికి ఆ బడిలో ఎవరికైనా కారణముంటే ఆమెకే ఉంది.

“నేను చెప్త టీచర్. వీళ్ళక్కను చూడ అచ్చిండ్రు, సంబంధం కుదరలే. నలుగురికి తెలిస్తే ఇజ్జత్ పోతదని ఇస్తరాకులు దాచిండ్రు. నాయినకు మనసు బాగలేక తాళ్ళు ఎక్కలే.”

మూడు గుర్తుల్లో ఒక్కటీ మిగల్చలేదు. కుదరని పెళ్ళిచూపుల మాట బయటికి పొక్కనివ్వకపోవడం మా వైపు అందరిళ్ళలో ఉన్నదే, జమేదారుకూ ఆడపిల్లలున్నారు. గట్లనా, అని మళ్ళీ కూర్చున్నాడు. నేను ఆ జవాబును నల్లబల్ల మీద రాసి పక్కన పెద్ద ఒప్పు గుర్తు పెట్టాను.

బడి వదిలాక, ఎందుకలా చెప్పావని దొర మనవరాలిని పక్కకు పిలిచి అడిగాను.

“అది నా పక్కన కూసుంటది గద టీచర్,” అని సంచి తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత గుర్తులన్నీ పుస్తకంలోంచే వెతుక్కున్నాం. పాఠం చెప్పే పద్ధతి ఈనాటికీ మాదే నడుస్తోంది, సంతోషమే. మనవరాలి పుస్తకంలో జవాబులు చివరి పేజీలో అచ్చేసి ఉన్నాయి. నీ పక్కన ఎవరు కూర్చుంటారే అని అడిగాను. వారానికోసారి సీట్లు మారుస్తారు నానమ్మా, పేరు గుర్తులేదు అంది. టిక్కు తర్వాత పెట్టవచ్చు, ముందు రేపు ఆ పేరు కనుక్కుని రా అన్నాను.