ముందుకు నడిచిన నాట్లు

ప్రత్యేక రాష్ట్రం కోసం చేసిన రాస్తారోకోతో బస్సులు ఆగిపోయిన ఒక మధ్యాహ్నం జనగామ బస్టాండు హోటల్లో కూర్చున్నాను. గిటార్లు పట్టుకుని తెలంగాణ పాటలు పాడే ఓ రాక్ బ్యాండు హిట్ పాటల వీడియోలు టీవీలో వస్తున్నాయి. తరిగొప్పుల వెళ్లాల్సిన ఒకావిడ నా పక్కన కూర్చుని ఒక్కో పాటకూ తీర్పు చెబుతోంది.

"మొదటి పాట మంచిగుంటది తమ్మీ. రెండోది ఉత్త లొల్లి. గా పొడుగు జుట్టు పోరడు మాత్రం పానం పెట్టి పాడుతడు."

నాలుగో పాటలో ఆడవాళ్లు వరి నాట్లు వేస్తున్నారు. ఆమె టీ గ్లాసు కింద పెట్టింది.

"చూడు, నాటేసుకుంట ముందుకు నడుస్తున్నరు. ఏసిన నాటంత తొక్కుతున్నరు. ఎనకకు నడవాలె గద!"

"పాట ఎట్లున్నది అక్కా?"

"అన్నిట్ల గిదే మంచి పాట. గందుకే ఇది వచ్చినప్పుడల్ల కండ్లు మూసుకొని వింట."

నిజంగానే మూసుకుంది. పాట అయ్యేదాకా తెరవలేదు.

ఆ వీడియో తీసింది నేనే. కెమెరా వైపు నడవమని వాళ్లకు చెప్పిందీ నేనే.

రాష్ట్రం వచ్చాక కూడా ఆ పాట టీవీల్లో వస్తూనే ఉంది. వచ్చినప్పుడల్లా నేనూ కళ్లు మూసుకుంటాను.