జానెడు ఫిలిం

ధర్మవరం నుంచి ఆయమ్మ వచ్చినప్పుడు నేను ఒక మిక్సీ విప్పుకోని కూర్చోనుండా. డెబ్బై ఏండ్లుంటాయి ఆమెకు. రైలు దిగి, పాత పంచెలో మూట కట్టిన మిషన్ను చంకన పెట్టుకోని, అనంతపురం బజారంతా అడుగుతా అడుగుతా నా అంగడికి వచ్చింది. బల్ల మీద పెట్టి ముడి విప్పింది. ఇంట్లో వేసుకునే చిన్న సినిమా ప్రొజెక్టరు. పక్కన రేకు డబ్బీలో ఒక రీలు.

"అన్నా, దీంట్లో నా బిడ్డ ఉండాది. ఒక్కసారి చూపించు," అనింది.

పాపకు రెండేండ్లప్పుడు జ్వరమొచ్చి పోయిందంట. ఫోటో ఒక్కటి లేదు. వీళ్ళు నేసే చీరలు కొనే బెంగళూరు వ్యాపారి ఒకసారి కెమెరా తెచ్చి, మగ్గం కాడ ఆడుకుంటాండే పాపను తీసినాడు. పాప పోయినాంక మిషనూ రీలూ వీళ్ళకే ఇచ్చేసినాడు. ఏటా ఆయుధపూజ నాడు ఆమె మొగుడు గోడ మీద వేసేవాడంట. ఏడాదికి ఒక్కసారి, నాలుగు నిమిషాలు. మిషను బిగుసుకుపోయినాంక అదీ లేదు. ఇరవై ఏండ్లు దాటిపోయె. మొగుడు పోయిన ఏడు కాలం చేసినాడు.

నేను టూరింగ్ టాకీసులో ఆపరేటరుగా బతికినోణ్ణి. కదిరి, మడకశిర, డేరా యాడ వేస్తే ఆడ. డేరాలు పోయినాంక మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తా కూర్చున్నా. ఇట్లాంటి పాత ప్రొజెక్టర్లు ఎవురో ఒకరు తెస్తానే ఉంటారు. వీటిని విప్పేవాళ్ళు ఇప్పుడు శానా తక్కువ.

మూత తీసి చూస్తే లోపల పళ్ళ చక్రాలన్నీ పసుపుపచ్చగా బంక పట్టి ఉండాయి. వాసన చూసినా. శనక్కాయ నూనె. నాకు నోరు మంచిది కాదు.

"ఎవురమ్మా దీనికి తిండి నూనె పోసినేది? ఇదేమన్నా బోండాల బాణలి అనుకున్నారా?"

"మగ్గానికి బొట్టు పెట్టి నూనె పోసినట్లే దీనికీ పోసినాడు ఆయప్ప. ఆయన పోయినాడులే. ఇంగ ఎవుర్ని తిడతావు?"

నూనె పోసే రంధ్రం పక్కనే ఏ నూనె పోయల్లనో ఇంగ్లీషులో రాసి ఉండాది. ఆయప్పకు అది చదవను రాదు. నేనూ నలభై దాటినాంక తెలుగు అక్షరాలు దిద్దినోణ్ణే. నాకు టాకీసు మేస్త్రీ చేయి పట్టుకోని చూపించినాడు కాబట్టి తెలుసు.

రీలు తీసి చూసినా. ఫిలిం చిటికెనవేలి గోరంత వెడల్పు. ఎండకు ముడుచుకుపోయి, పులిసిన వాసన వస్తాండాది. "బెంగళూరులో దీన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. ఆడికి పో," అన్నా.

"నెలల తరబడి పెట్టుకుంటారంట. నా బిడ్డను యాడనో వదిలి రాను. నీ కాడ నాలుగు దినాలైతే సరే."

మూడు దినాలు పట్టింది. ఒక్కో చక్రం తీసి కిరసనాయిల్లో నానబెట్టి, పళ్ళు తోమే బ్రష్షుతో రుద్దినా. రబ్బరు బెల్టు ముట్టుకుంటే పొడి అయిపోయింది, వేరేది కోసి అతికించినా. బల్బు బాగుండాది. ఫిలిం జారే సందులో కుంకుమ ఇరుక్కోనుంటే అగ్గిపుల్లకు గుడ్డ చుట్టి తుడిచినా. మూడో దినం సాయంత్రానికి మోటారు తిరిగింది. ఆ చప్పుడు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు తప్పు చేసినా. బాగుచేసిన మిషన్లో మొదట పనికిరాని ఫిలిం వేసి తిప్పి చూడల్ల. నా డబ్బాలో అట్లాంటి ముక్కలు శానా ఉండాయి. వాటిని వదిలిపెట్టి ఆయమ్మ రీలే ఎక్కించినా. పాపను చూడల్లని నాకే తొందర.

ఒక నిమిషం బాగా నడిచింది. తర్వాత ఒక్కచోట చక్రాల పళ్ళు పట్టుకునే అంచు రంధ్రాలు చీలి, ఫిలిం నిలబడిపోయింది. బల్బు వేడికి బుడగ లేచింది. ఆపి లాగితే ఇంగా చీలింది. మొత్తం ఒక జానెడు పాడైంది. బుడగ వచ్చినేది ఒకటి రెండు బొమ్మలే. మిగతాదానికి చీలిన అంచుకు సన్న టేపు వేసి, ఒక్కొక్క రంధ్రమూ పొడుచుకుంటా పోతే నిలిచేది. ఒక పూట పని. ఆ పని నాకు తెలుసు. చేయలేదు. డేరాలో ఫిలిం తెగితే కత్తిరించి, అతికించి, ముక్క కిందపడేసి మళ్ళ నడిపించేది. జనం ఈల వేసి ఊరుకుంటారు. ముప్పై ఏండ్లు అదే అలవాటు. ఈడా అదే చేసినా. పొద్దున్నే అంగడి ఊడ్చి చెత్తకు అగ్గి పెట్టినా.

మధ్యాహ్నానికి ఆయమ్మ వచ్చింది. షట్టరు దించి, గోడకు తెల్లపంచె కట్టి, రీలు వేసినా. పాప వచ్చింది. నూనె పెట్టి దువ్విన జుట్టు, కాళ్ళకు గజ్జెలు. మగ్గం గుంట అంచు పట్టుకోని నడుస్తాంది. ఆయమ్మ ముందుకు వంగి చూస్తాంది. పాప చేయి వదిలింది. రెండడుగులు వేసింది. వెంటనే అవతలి పక్క, మగ్గం కాడ నిలబడి ఉండాది.

"నిలుపు," అనింది ఆమె.

నిలిపినా.

"పడేది యాడ పోయింది?"

నేను వంగి రీలు సర్దబోయినా.

"ఈడ పడతాది అన్నా. కూలబడి, నన్ను చూసి, లేస్తాది. పదైదు ఏండ్లు చూసినా నేను. యాడ పోయింది?"

మిషనే తినేసింది అని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. చెప్పలేకపోయినా. "నేనే కత్తిరించినామ్మా. చీలిపోయింటే బాగుచేయకుండా తీసి పడేసినా. పొద్దున చెత్తతో పాటు కాల్చేసినా."

ఆమె లేచి షట్టరు కింద నుంచి వంగి బయటికి పోయింది. నేనూ పోయినా. మోరీ కాలువ పక్కన బూడిద ఉండాది. ఎండలో ఇద్దరం గొంతుక్కూర్చోని పుల్లతో కెలికినాం. ఫిలిం కాలితే ఏం మిగలదని నాకు తెలుసు. ఆమె నల్లటి ముద్ద ఒకటి వేలితో ఎత్తి చూసి, పడేసింది.

లోపలికొచ్చి కూర్చోని, "మళ్ళ మొదట్నుంచి వేయి," అనింది.

"ఇంగొకసారి నడిపితే ఇంగో చోట తెగొచ్చమ్మా."

"తెంపినోడివి నువ్వే భయపడితే ఎట్ల? వేయి."

వేసినా. నా చేయి స్విచ్చు మీదే ఉండాది. పాప అంచు పట్టుకోని నడిచింది. చేయి వదిలింది. రెండడుగులు వేసింది.

"ఇప్పుడు పడింది," అనింది ఆయమ్మ, గోడను చూస్తానే. "ఏడ్చల్లనా వద్దా అని నా వైపు చూసింది. నేను కెమెరా పక్కనే నిలబడి ఉండా. నవ్వినా. దానికీ నవ్వొచ్చింది. చేతులు నేలకు ఆనించి, మొదట పిర్రలు లేపి, తర్వాత లేచింది."

ఆమె చెప్పడం అయ్యేసరికి గోడ మీద పాప మగ్గం కాడి నుంచి కూడా పోయి, ఇంకేదో పట్టుకోని ఆడుకుంటాంది. ఆయమ్మ దాన్ని చూడనేలేదు. రీలు అయిపోయి పంచె మీద ఉత్త వెలుగు నిలిచింది. బల్బు ఆర్పినా.

"ఇంగొకసారి వేయమంటావా?"

"వద్దు. ఉన్నేదన్నా ఉండనీ."

రీలు తానే డబ్బీలో పెట్టి మూత బిగించింది. మిషన్ను పంచెలో కట్టింది. బరువు ఎక్కువ, స్టేషను దాకా నేను మోసుకొస్తానని మూట మీద చేయి వేసినా.

"నువ్వు ముట్టద్దులే అన్నా," అనింది. కోపంగా అనలేదు.