మనుషుల్ని కూర్చోబెట్టి బోల్టు బిగించే ఉస్తాద్

"బాపు, కార్ల ఉస్తాద్ పోయిండట. రాత్రి గుండెపోటొచ్చిందట. ఇయ్యాల్నే దహనం, వాళ్ల ఊరు ఖానాపూర్ల. నేను బండి తీస్తున్న, వస్తవా?"

సోమవారం పొద్దున మా అబ్బాయి ఈ మాట చెప్పినప్పుడు నేను ఎవరి మీదో విరుచుకుపడుతూ ఒక వ్యాసం రాస్తున్నాను. ఎవరి మీదో ఇప్పుడు గుర్తు లేదు.

ఈ ఊళ్లో గ్రానైటు వ్యాపారి పుట్టినరోజుకు చౌరస్తా నిండా ఫ్లెక్సీలు కడతారు. ఇన్నేళ్లు మన బండ్ల కింద వెల్లకిలా పడుకున్న మనిషి పోతే పేపర్లో రెండు లైన్లు రాలేదు. అందుకే రాస్తున్నాను. నాకు తగాదా రాయడం వచ్చు, నివాళి రాయడం రాదు. ఇది కూడా కొంత తగాదాగానే ఉంటుంది, భరించండి.

కరీంనగర్ బైపాస్ పక్కన ఆయనదొక రేకుల షెడ్డు, అందులో బండి కిందికి దిగి పనిచేసేందుకు ఒక గుంత. గల్ఫ్‌లో పన్నెండేళ్లు ఇసుకలో ఎగిరిపడే బండ్లకు స్ప్రింగులు మార్చి, తిరిగొచ్చి ఇక్కడా అదే పనిలో దిగాడు. నన్ను మాత్రం పటేలా అనేవాడు. మా తాతల భూములు, ఆ పిలుపు, రెండూ నాకు గిట్టవని ఆయనకు బాగా తెలుసు.

"పటేల్ అనొద్దని ఎన్నిసార్లు చెప్పాలె?"

"మరేమనాలె? కామ్రేడ్ అంటె లేసి ఉపన్యాసం మొదలువెడ్తవ్. పటేల్ అంటె కోపమొచ్చి సప్పుడు జెయ్యకుంట కూసుంటవ్. నా పని నడుస్తది."

రెండేళ్ల కిందటి సంగతి. బండి నేలకు దగ్గరగా, అందంగా కనబడాలని మా అబ్బాయి కారుకు అసలు స్ప్రింగులు తీయించి పొట్టివి వేయించాడు. ఇంట్లో యుద్ధం చేశాను. ఉట్నూర్ అడవి ఊళ్లకు జీపు పోయే దారి లేదు, మీరు ఉన్న బండిని నేలకు దించుతారా, ఇదేం వినియోగ సంస్కృతి అని అరిచాను. "నా బండి బాపు. నువ్వు దిద్దేటందుకు ఇది వ్యాసం కాదు" అన్నాడు వాడు. అంతే. నాలుగు నెలలు ఒకే ఇంట్లో మాటల్లేవు. "మీ బాపును అన్నం తినమను", "నీ కొడుకును గేటు వెయ్యమను." మధ్యలో మా ఆవిడ తపాలా బంట్రోతు.

ఈలోగా బండికి జబ్బు చేసింది. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగితే ధనేల్మని గుద్దుకునేది. మలుపు తిరిగితే కిర్రుమనేది. ముందు టైర్లు లోపలివైపే అరిగిపోయాయి. నిజం చెప్తాను, నాకు సంతోషమేసింది. నా సిద్ధాంతం గెలిచిందనుకున్నాను. మా ఆవిడ ఆ సంతోషాన్ని కనిపెట్టింది. "ఇద్దరు గలిసి పోయి బాగు జేయించుకరాండ్రి. లేకుంటె నేను మా చెల్లెలింటికి పోత. మీ అన్నం మీరే వండుకోండ్రి" అంది.

పోయాం. అద్దె కారు ఎక్కిన సవారీలా నేను వెనక సీట్లో కూర్చున్నాను.

ఉస్తాద్ పానా ముట్టలేదు. బండి ముందు మూలను రెండు చేతులతో అదిమి, వదిలి, చెవి పెట్టి విన్నాడు. తర్వాత గుంతలోకి దిగాడు. ఆయన పైకి రాకముందే నేను తీర్పు చెప్పేశాను: "స్ప్రింగుల కంపెనీ మోసం ఇది. కేసు వేస్తా."

"ఆగు పటేలా" అంది గుంతలోంచి గొంతు. "స్ప్రింగు మంచిదే. బిగించినోడే ఆగమాగం జేసిండు. చక్రాలు గాలిల యాలాడుతుంటెనే, వాటిని పట్టుకునే కింది ఆర్ముల బోల్టులు బిగించిండు. బండి కిందికి దిగంగనె ఆ కీళ్లల్ల ఉండే బుష్షుల రబ్బరు మెలివడ్డది. నాలుగు నెలల సంది మెలివడే ఉన్నది, కిర్రుమనదా మరి? స్ప్రింగు పొట్టిగైతె, దెబ్బ ఆపేటందుకు లోపలుండే రబ్బరు గూడ పొట్టిగ కొయ్యాలె, కొయ్యలే. అందుకే గుద్దుకుంటున్నది. చక్రాల అలైన్‌మెంట్ సూడలే, టైర్లు తిన్నది."

బుష్షులు మార్చాడు, రబ్బర్లు కోశాడు. బోల్టులు మాత్రం వదులుగానే ఉంచి, బండిని నాలుగు చక్రాల మీద గుంతపైన నిలబెట్టాడు. "ఇగ ఎక్కి కూసోండ్రి, ముంగటి సీట్లల్ల."

అది ఆయన పద్ధతి. బిగించేటప్పుడు బరువు కోసం అందరిలా సీట్లలో ఇసుక మూటలు పెట్టేవాడు కాదు. ఆ బండిలో రోజూ ఎవరు కూర్చుంటారో వాళ్ల బరువే కావాలనేవాడు. విడాకులకు తిరుగుతున్న ఆలుమగలను కూడా అట్లాగే కూర్చోబెట్టాడని షెడ్డు దగ్గర చెప్పుకునేవారు.

"నేను ఈ బండ్ల దినాం కూసోను" అన్నాను.

"ఇయ్యాల్టి సంది కూసో. లేకుంటె నా లెక్క తప్పుతది."

కూర్చున్నాం. కాళ్ల కింద పానా చప్పుడు. పది నిమిషాలు. ఇరవై. "అయిందా?" అని వంగి అడిగాను.

"కదలకు పటేలా! నీకు ఊకుండుడు అస్సలు రాదా?"

పక్కన మా వాడు కిసుక్కున నవ్వాడు. చివరికి అడిగాను: "ఎందుకు దించినవ్ రా?"

"మూల తిరిగితె బండి ఒరుగది బాపు. రోడ్డును పట్టుకున్నట్టుంటది. నువ్వు ఓసారి నడిపి సూడు."

ఆ ప్రశ్నకు నాలుగు నెలలుగా జవాబు నాలో నేనే చెప్పుకుంటూ వచ్చాను. అడగడం అదే మొదలు.

నాలుగు బోల్టులకు అంతసేపు ఎందుకైందని తర్వాతెప్పుడో నిలదీశాను. "గుంతల సల్లగుండె. జర పండుకున్న" అన్నాడు. "బరువు పడ్డంకనే బిగియ్యాలె. గాలిల బిగించింది నిలువది" అనేవాడు. ఆ మాటను జీవిత సత్యంగా ఫ్రేము కట్టడం నాకిష్టం లేదు. అది బోల్టు గురించిన మాట. అయినా అది విన్నాక, అప్పటికే రాసిపెట్టుకున్న వ్యాసాలు రెండు చింపేశాను.

ఖానాపూర్‌లో చితి అంటుకున్నాక, బోరు దగ్గర స్నానాలు చేసి, ఆయన చుట్టాలు ముగ్గురు బస్టాండు దాకా వస్తామన్నారు. ఎక్కించుకున్నాం. బండి కిందికి దిగిపోయింది. శ్మశానం నుంచి పెద్ద రోడ్డుకు వచ్చే దారిలో కంకర గుమ్మరించి వదిలేశారు. ఎవరి టెండరో, ఎవరి వాటానో! తిట్టడానికి నోరు తెరిచాను కూడా.

మా వాడు బండి ఆపాడు. "బాపు, జర దిగి ముంగట నడుస్తవా? కింద తాకుతదేమో."

దిగాను. పెద్ద రాళ్లు కాలితో పక్కకు నెట్టుకుంటూ, బండి వైపు తిరిగి, వెనక్కి నడుస్తూ, చేత్తో చూపించాను. ఎడమకు. ఇంకొంచెం. ఆగు. రా. అద్దం వెనక తడి తలలతో ముగ్గురు, నాకు తెలియని మనుషులు. స్టీరింగు వెనక మా అబ్బాయి. వాడి కళ్లు రోడ్డు మీద లేవు. నా అరచేతి మీదున్నాయి.