రెండు భాషల ఏడో ఎక్కం

నాకు ఎనిమిదేళ్లప్పుడు, నిజాం రోజుల్లో... హైదరాబాదు బోయిగూడలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఏడో ఎక్కం రాక ఏడుస్తున్నాను.

మా బడిలో చదువంతా ఉర్దూలోనే. ఎక్కాలను 'పహాడే' అనేవారు. అవి అప్పజెప్పకపోతే మళ్లీ మూడో తరగతేనని మాస్టరు చెప్పేశారు...

అమ్మ బడి మొహం చూడలేదు. అయినా నోటి ఎక్కాలన్నీ వచ్చు, తెలుగులో. "ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది" అనేది. నాకు ఉర్దూలో నేర్పడానికి వచ్చిన పక్కింటి జుబేదా ఖాలా, అంటే జుబేదా పిన్ని, "సాత్ చౌకే అట్ఠాయీస్" అనేది. నా నోట్లోంచి మాత్రం "సాత్ నాలుగులు..." అని వచ్చి ఆగిపోయేది.

"అమ్మా, ఇవి రెండూ వేరే లెక్కలా?"

ఇద్దరూ పకపకా నవ్వారు. అమ్మ చాటలో చింతగింజలు ఏడేసి చొప్పున నాలుగు వరుసలు పేర్చింది. ఖాలా ఉర్దూలో, అమ్మ తెలుగులో లెక్కబెట్టారు.

"జెర సూడు బిడ్డా, గింజలు పెరిగినయా, తగ్గినయా?" అంది అమ్మ.

నాకు సగమే అర్థమైంది. అయినా వారం తిప్పలు పడి ఉర్దూలో బట్టీ పట్టాను.

అంతలో పోలీస్ యాక్షన్... ఇండియా సైన్యం వచ్చి నిజాం పాలన పోయింది. బడి మూసేశారు. తలుపులు బిగించుకుని కూర్చున్నాం. పెద్దవాళ్ల గుసగుసలు నేను దగ్గరికెళితే ఆగిపోయేవి. ఎవరితో ఎవరికి కొట్లాటో తెలియలేదు.

బడి తెరిచిన కొన్నాళ్లకు తెలుగు పంతులుగారు వచ్చారు. ఏడో ఎక్కం అడిగితే గుక్క తిప్పుకోకుండా ఉర్దూలో చెప్పేశాను. పిల్లలంతా నవ్వారు.

"తెలుగుల చెప్పాలె బిడ్డా. రేపు మల్ల అడుగుత" అన్నారాయన.

ఆమె నేర్పిన ఎక్కానికి అందరూ నవ్వారని చెప్పడానికి పరుగున ఖాలా ఇంటికి వెళ్లాను. తలుపుకు తాళం...

"వాళ్లన్న ఇంటికి పోయిందంట" అంది అమ్మ.

"ఎప్పుడొస్తది?"

"ఏమో... నాకు సుత చెప్పలే."

అమ్మకు కోపమో, దిగులో పోల్చుకోలేకపోయాను. ఆ సాయంత్రం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని తెలుగులో చెప్పించింది. ఏడు ఎనిమిదుల దగ్గరికొచ్చేసరికి తనే "సాత్ అట్ఠే ఛప్పన్" అనేసింది. అచ్చం ఖాలా లాగే సాగదీస్తూ.

మర్నాడు తడబడుతూనే తెలుగులో అప్పజెప్పాను. నాలుగో తరగతికి వెళ్లాను. ఖాలా మాత్రం తిరిగి రాలేదు. ఎందుకు వెళ్లిందని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు... అడగకూడదని నాకెలా తెలిసిందో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడా గల్లీ నిండా మేడలే. అప్పుడక్కడ ఎవరుండేవారో చెప్పేవాళ్లు కూడా లేరు... మీకు ఎక్కాలు నేర్పింది ఎవరు? వాళ్లు ఎక్కడికి వెళ్లారో మీకైనా తెలుసా?