ఎడమచేతి పిచ్చరు

ఆఫీసులో ఆమెను అందరూ తప్పులక్క అంటారు. వీడియో గేములు అమ్మకానికి వెళ్ళకముందే ఆడి చూసి, వాటిలో తప్పులు పట్టి రాయడం ఆమె ఉద్యోగం. వినడానికి సరదాగానే ఉంటుంది. ఒకే బేస్‌బాల్ గేమును ఏడు నెలలపాటు రోజుకు ఎనిమిది గంటలు ఆడితే తెలుస్తుంది, తల ప్రాణం తోకకు రావడమంటే ఏమిటో.

ఆ గేమూ అలాంటిలాంటిది కాదు. బంతి ఒకవైపు పోతుంటే ఫీల్డరు గోడకేసి పరిగెత్తేవాడు. బంతి బ్యాటుకు తగలకముందే జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. వ్యాఖ్యాత అన్నిటికీ "అద్భుతం" అనేవాడు, వాన పడి ఆట ఆగినా సరే. ఆమె ఇవన్నీ రాసింది. పైవాళ్ళు సగం దిద్దారు, సగం దిద్దామన్నారు.

ఆమె ప్రాణం మాత్రం ఒక్క తప్పు మీదే ఉంది. ఎడమచేత్తో బంతి విసిరే పిచ్చరుకు, బంతి పట్టుకునే గ్లవ్ కుడిచేతికి ఉండాలి. ఈ గేములో అదీ ఎడమచేతికే ఉంది. వాళ్ళ నాన్నది ఎడమచేతి వాటం. ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసినన్నాళ్ళూ ప్రెస్సు బేస్‌బాల్ జట్టుకు ఆయనే పిచ్చరు. "నీలాంటివాణ్ణి ఇందులో పెట్టిస్తా నాన్నా, చూస్తుండు" అని మాటిచ్చింది. ఆయన పాత స్నేహితులందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నాడు.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. తప్పు ఎవరు రాస్తే వాళ్ళే దాన్ని జాబితాలోంచి కొట్టెయ్యాలి. పై అధికారికైనా ఆ హక్కు లేదు. అందుకే టీమ్ లీడరు ఆమె చుట్టూ తిరిగాడు. మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ ససేమిరా అంది.

నాలుగోసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎడమచేతివాళ్ళు ఎంతమంది కొంటారు చెప్పు? వాళ్ళలో గ్లవ్ కేసి చూసేదెవరు?"

"చూసేవాళ్ళు చూస్తారండీ."

"దీన్ని దిద్దే టైము లేదు, ఇదొక్కటీ జాబితాలో మిగిలుంటే గేము బయటికి పోదు. సోమవారం పర్మినెంటు చేసేవాళ్ళ లిస్టు పంపాలి. నీ పేరు రాయాలనే నాకూ ఉంది."

ఆర్నెల్లకోసారి వచ్చే కాంట్రాక్టు కాగితం కోసం మూడేళ్ళుగా బిక్కుబిక్కుమంటూ బతుకుతున్న మనిషి. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మండుతూనే ఆ తప్పును కొట్టేసింది.

గేము విడుదలైంది. కొన్నవాళ్ళు తిట్టని తిట్టు లేదు. ఆ తిట్లన్నీ ఆమె కూర్చుని చదివింది. గ్లవ్ గురించి ఒక్కడూ రాయలేదు. టీమ్ లీడరు మాటే నిజమైనందుకు మరింత కడుపు మండింది.

ఆదివారం ఆ గేమును నాన్న దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, ఏరికోరి ఎడమచేతి పిచ్చరును ఎంచుకున్నాడు. రెండు బంతులు విసిరాడు. మూడోది విసరకుండా లేచి టీవీ దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

"గ్లవ్ ఈ చేతికెందుకుందమ్మా? ఎవరూ చూసుకోలేదా?"

"చూశాను నాన్నా. నేనే రాశాను. కొట్టేసిందీ నేనే."

ఎందుకని ఆయన అడగలేదు. అడిగితే చెప్పడానికి దారిపొడవునా కారణాలు పేర్చుకుంటూ వచ్చింది.

ఆయన తిరిగొచ్చి కూర్చుని, మీటలు నొక్కి ఆటగాళ్ళ పట్టిక తెరిచాడు.

"పోనీలేమ్మా. చిన్నప్పుడు మా మాస్టారు ఈ చేతిని బల్లకు కట్టేసి మరీ కుడిచేత్తో రాయించాడు. నాకిది అలవాటే" అంటూ కుడిచేతివాణ్ణి ఎంచుకున్నాడు.