సూర్యప్రకాశరావుగారి చావులు

అమెరికాలో, పార్సిప్పనీలో ఆ అపార్ట్‌మెంట్లకి క్లబ్‌హౌస్ ఒకటుంది, క్లబ్‌హౌస్‌కి టీవీ ఒకటుంది, ఆ టీవీ రిమోట్ కోసం ముసలివాళ్ళ మధ్య యుద్ధాలు మాత్రం రోజుకొకటి. కూతుళ్ళూ అల్లుళ్ళూ కార్లలో ఆఫీసులకీ, మనవలు పసుపు బస్సులో స్కూలుకీ పోయాక కారు నడపడం చేతకానివాళ్ళకి ఇంకో దిక్కు లేదు. దమయంతమ్మ కూడా శాలువా కప్పుకుని, చీర కింద బూట్లు తొడుక్కుని అక్కడికే చేరేది.

ఆ రోజు ఆవిడ వెళ్ళేసరికి తగువు మంచి పాకాన పడి ఉంది. ఒక పక్క వాల్టర్ అనే తెల్లాయన, ఆంబోతులాంటి మనిషి, బేస్‌బాల్ పెట్టమని పట్టు. రెండో పక్క సూర్యప్రకాశరావుగారు. ఎనభై దాటి, గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేట్టున్నా, రిమోట్ మీద పట్టు మాత్రం ఉడుంపట్టు. టీవీలో అరవైల నాటి నలుపు తెలుపు కౌబాయ్ సీరియల్ ఏదో నడుస్తోంది. అందులో ఈకలు పెట్టుకుని, ఒంటికి రంగు పూసుకుని, గుర్రాల మీద కేకలు వేస్తూ వచ్చే రెడ్ ఇండియన్లలో ఒకడు తనేనని రావుగారి వాదన. వాడు నువ్వయితే నేను అమెరికా ప్రెసిడెంటునని వాల్టర్ ఎగతాళి. దమయంతమ్మకి వచ్చిన ఇంగ్లీషు హలో, థాంక్యూలతో సరి. అయినా వెక్కిరింత ఏ భాషలో ఉన్నా ఆవిడకి ఇట్టే తెలుస్తుంది.

"చూశావా చెల్లెమ్మా! నేను కోతలు కోస్తున్నానట!" అన్నారు రావుగారు ఆవిడవైపు తిరిగి.

"అయితే కోతో నిజమో తేల్చి పారెయ్యండి అన్నయ్యగారూ. ఎంతసేపు వాదిస్తారు?" అందావిడ.

రావుగారు రిమోట్ తీసుకెళ్ళి వాల్టర్ చేతిలోనే పెట్టారు. టీవీకి వీపు పెట్టి గది మధ్యలో నిలబడ్డారు. వెనక తుపాకులు మోగాయి. మచ్చల గుర్రం మీద ఆఖర్న వస్తున్నవాడు గడ్డం పైకెత్తి, కొమ్మేదో అందుకోబోతున్నట్టు ఎడంచేత్తో గాలిని తడిమి, మెలితిరిగి కిందపడ్డాడు. తెర వంక చూడకుండానే రావుగారూ గడ్డం ఎత్తారు, గాలిని తడిమారు, మెలితిరిగి తివాచీ మీద పడ్డారు. అక్కడ వాడి మడమ నేలని ఒక్కసారి గీరి ఆగిపోయింది. ఇక్కడ ఈయన మడమా గీరి ఆగిపోయింది.

టీవీలో ఆ ఘట్టం దాటిపోయి సబ్బు ప్రకటన వచ్చింది. రావుగారు లేవలేదు. వాల్టర్ వంగి భుజం కుదిపాడు. రావుగారి చెయ్యి వేలాడింది. వాల్టర్ మొహంలో నెత్తురు లేదు. అప్పుడు దమయంతమ్మకి తెలియకుండానే గొంతు లేచింది. "అయ్యో! ఎంత పని చేశావు నాయనా!" అని గుండె బాదుకుని రాగం తీసింది.

రావుగారు కళ్ళు తెరిచారు.

"బాగా ఏడ్చావు. ఎక్కడ నేర్చావు చెల్లెమ్మా?"

"ఏడవడానికి నేర్పేవాళ్ళు కూడానా? మా తెనాలిలో నేను వెళ్ళందే ఏ ఇంట్లోనూ శవం లేచేది కాదు!" అంది ఆవిడ, భయం కోపంగా మారి. "ముసలి వయసులో ఇవేం కోతి వేషాలు? మీ ప్రాణం పోయిందనుకుని నా ప్రాణం పోయింది!"

వాల్టర్ రిమోట్‌ని బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాతెప్పుడూ దానికోసం చెయ్యి చాపలేదు.

రావుగారి సంగతి ఆవిడకి అలా తెలిసింది. ఆయనది ఏలూరు దగ్గర ఒక ఊరు. రోడ్ల ఇంజనీరింగ్ చదవడానికి కాలిఫోర్నియా వచ్చి, కాలేజీ కాంటీన్‌లో ప్లేట్లు కడుగుతుంటే టీవీ కంపెనీ మనిషొకడు వచ్చి, చామనచాయగా బక్కగా ఉన్న కుర్రాళ్ళని వేషాలకి ఏరుకున్నాడు. గుర్రం ఎక్కడం వచ్చా అన్నాడట. గేదెనెక్కినవాడికి గుర్రమెంత అనుకుని ఈయన తలూపారు. తీరా ఎక్కాక తుపాకీ పేలకముందే పడ్డారు. ఆ పడడం చూసి డైరెక్టరు మురిసిపోయాడు. అదే ఉద్యోగమైంది. ఆ రోజుల్లో సాయంత్రమైతే అమెరికా అంతా ఆ సీరియళ్ళకే అతుక్కుపోయేదట. వారం వారం ఏదో ఒక సీరియల్లో, ఏదో ఒక కొండ కింద, రావుగారు చచ్చిపోయేవారు.

పెళ్ళయి భార్య లక్ష్మి వచ్చాక ఒకరోజు షూటింగ్‌లో బొంతకాకి ఒకటి వచ్చి ఆయన నెత్తిమీద తన్నింది. కాకి తన్నితే ఏం చెయ్యాలో మనవాళ్ళకి చెప్పాలా? మనిషి పోయాడని చుట్టాలకి అబద్ధపు కబురు పంపాలి. వాళ్ళు నిజమనుకుని ఏడవాలి. ఆ ఏడుపుతో గండం గడుస్తుంది. అక్కడ ఆ ఎడారిలో చుట్టాలెవరు? లక్ష్మి ఆలోచించి, "దేశమంతా చూస్తుండగా చస్తూనే ఉన్నారుగా, కబురు వేరే ఎందుకు? ఏడ్చే పని నేను చూసుకుంటాను" అందట. ఆ వారం నుంచి ఆయన తెరమీద పడ్డప్పుడల్లా ఆవిడ టీవీ ముందు కూర్చుని నోరారా ఏడ్చేది.

"అప్పట్నుంచి నన్ను చావు ముట్టుకోలేదు చెల్లెమ్మా. మంచులో కారు పల్టీ కొట్టింది, పక్కవాడు పోయాడు. నేను దులుపుకుని లేచాను. ఆపరేషన్ బల్ల మీద గుండె ఆగి మళ్ళీ కొట్టుకుంది. ఆ రెండు రోజులూ ఏదో ఒక ఛానల్లో నేను చచ్చాను, లక్ష్మి ఏడ్చింది."

"మరి ఆవిడ?"

"దాని చావుకి ముందుగా ఏడ్చినవాళ్ళెవరూ లేరు" అన్నారు రావుగారు.

దమయంతమ్మ శాలువా సర్దుకుని ఆయన పక్కకి జరిగి కూర్చుంది.

అప్పటినుంచి ఏడ్చే పని ఆవిడ మీద పడింది. పిచ్చి ముసలాయన సరదా అనుకుంది మొదట్లో. మధ్యాహ్నం అంట్లు సర్దేసి వచ్చేది, ఆయన పడగానే కొంగు నోటికి పెట్టుకుని రెండు రాగాలు తీసేది, తర్వాత ఇద్దరూ ఫ్లాస్కులో టీ పంచుకునేవారు. వేసినవే మళ్ళీ మళ్ళీ వేస్తారు కాబట్టి ఏ చావు తర్వాత ఏం వస్తుందో ఆవిడకి కంఠతా వచ్చేసింది.

అందుకే ఆ తేడా కనిపెట్టింది. మచ్చల గుర్రం, మీద మనిషి పడిపోగానే ఆగకుండా పరిగెత్తి తెర దాటిపోవాలి. ఎన్నోసార్లు చూసిందే. ఆ రోజు అది దాటిపోలేదు. కాస్త దూరం వెళ్ళి నిలబడి వెనక్కి చూసింది. ఆవిడ రాగం ఎత్తగానే చెవులు రిక్కించి, ఉలిక్కిపడి పోయింది.

దమయంతమ్మ పక్కకి తిరిగింది. రావుగారు ఆవిడ వంకే చూస్తున్నారు.

"నీకూ కనిపించిందన్నమాట" అన్నారు.

"అన్నయ్యగారూ, ఆయనెక్కేది దున్నపోతు కదా? గుర్రమేమిటి?"

"ఈ దేశంలో దున్నపోతు దొరక్కపోయి ఉంటుంది" అన్నారు రావుగారు. ఇద్దరూ నవ్వారు కానీ ఆ రోజు టీ చల్లారిపోయింది.

మరుసటి వేసవికి ఆయన కడుపులో కేన్సర్ బయటపడింది. మంచం వాళ్ళింట్లో హాల్లోనే వేశారు, ఎదురుగా పాత డబ్బా టీవీ. దమయంతమ్మ ఇప్పుడు క్లబ్‌హౌస్ మానేసి అక్కడికే వెళ్ళేది. ఆయన కూతురు రేణు ఇక్కడే పుట్టిన పిల్ల, యాభై ఏళ్ళొచ్చినా తెలుగు ఇంకా తప్పటడుగులే వేస్తుంది.

"డాడీకి పెయిన్ చాలా ఎక్కువ ఉంది ఆంటీ. మందు కూడా వర్క్ చెయ్యట్లేదు. డాక్టర్ సమ్మర్ దాటదు అని చెప్పింది. ఇప్పుడు చెట్లకి లీవ్స్ అన్నీ పడిపోయింది. ఇంకా ఎలా ఉన్నాడో నాకు తెలీదు."

దమయంతమ్మకి తెలుసు. చెప్పలేదు. ఛానల్ వాళ్ళు వేస్తూనే ఉన్నారు, తెరమీద మనిషి పడుతూనే ఉన్నాడు, ఆవిడ ఏడుస్తూనే ఉంది. గుర్రం ఒక్కోసారికి ఇంకాస్త దగ్గరగా ఆగుతూ, ఆవిడ గొంతు వినగానే బెదిరి పోతూ ఉంది.

అక్టోబర్ ఆఖర్న పెద్ద తుఫాను వచ్చింది. చెట్లు కూలి తీగలు తెగి ఊరంతా కరెంటు పోయింది. టీవీ నల్లబడింది. ఆ చలిలో రెండు దుప్పట్ల కింద రావుగారు మెల్లగా కుదుటపడ్డారు. మూలుగు ఆగింది. మొహం మీద ముడతలు విడిపోయాయి. "లక్ష్మి గుమ్మంలోనే నుంచుంది, లోపలికి రమ్మను" అన్నారొకసారి. మర్నాటికి ఊపిరికీ ఊపిరికీ మధ్య దూరం పెరిగింది. రేణు తండ్రి చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఏడుస్తోంది కానీ ప్రశాంతంగానే ఏడుస్తోంది. దమయంతమ్మ ఆయన నోట్లో చెంచాతో నీళ్ళు పోసింది.

సరిగ్గా అప్పుడు కరెంటు వచ్చింది. ఫ్రిజ్ గుర్రుమంది, దీపాలు వెలిగాయి, ఆపకుండా వదిలేసిన డబ్బా టీవీ దానంతటదే మేలుకుంది. తెరమీద దుమ్ము, తుపాకులు, మచ్చల గుర్రం. మనిషి గడ్డం ఎత్తాడు, గాలిని తడిమాడు, పడ్డాడు. గుర్రం వెనక్కి తిరిగి వచ్చింది. తెరనిండా అదే. తల వంచి అతని భుజాన్ని మూతితో తాకి, ఎక్కమన్నట్టు ముందరి మోకాళ్ళు వంచింది.

"అయ్యో నాయనా!" అంది దమయంతమ్మ. అలవాటైన నోరు, ఆవిణ్ణి అడగలేదు.

గుర్రం అదిరిపడి లేచింది. డెక్కల చప్పుడు దూరమైంది. మంచం మీద రావుగారు నీళ్ళలోంచి పైకొచ్చినవాడిలా ఒక్కసారి గాలి పీల్చి, కడుపు పట్టుకుని కేకపెట్టారు. ఆ కేక ఆ రోజంతా ఆగలేదు.

రెండు రోజులకి మందు మోతాదు పెంచాక కాస్త తెరిపి ఇచ్చింది. రేణు వంటింట్లో నర్సుతో మాట్లాడుతుంటే రావుగారు వేలితో దమయంతమ్మని దగ్గరికి పిలిచారు.

"నన్ను తిట్టండి అన్నయ్యగారూ" అంది ఆవిడ. "నోరు కాదు ఇది, డప్పు."

"తిట్టను. ఎవరేడుస్తారు నాకోసం అంతలా? రేణుకి చెప్పకు, దానికి ఇవి అర్థం కావు." ఆయన టీవీ వైపు చూశారు. "ఆ గుర్రం అలిసిపోయింది చెల్లెమ్మా. ఎన్నిసార్లని తిరిగి వస్తుంది? మధ్యాహ్నం మళ్ళీ వేస్తారు. వచ్చి కూర్చో. ఈసారి ఏడవకు."

దమయంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకుని తలూపింది.

"అలా కాదు. కొంగు నోట్లో కుక్కుకో, పరవాలేదు. కళ్ళు మాత్రం మూసుకోకు" అన్నారు సూర్యప్రకాశరావుగారు. "నేను ఎక్కానో లేదో ఎవరో ఒకరు చూడాలిగా."